ప్లాసిదో భుజమూ, పదమూడు హవెలీనాలూ

ముళ్ళు కాల్చడం ప్లాసిదో బ్రకమోంతె వృత్తి. మా ఊరు లాస్ పియెద్రాస్‌లో రెండేళ్ళు వాన తప్పితే గడ్డి మాయమవుతుంది. మూడో ఏడు కూడా తప్పితే గడ్డి అన్న మాటే మాయమవుతుంది. అప్పుడిక ఆవులకు నాగజెముడే దిక్కు. ఆవు నోరు ముళ్ళకు ఓర్చుకోదు. అందుకని ప్లాసిదో వీపుకు కిరసనాయిలు డబ్బా తగిలించుకుని, చేత్తో ఇత్తడి గొట్టం పట్టుకుని, తెల్లవారగానే గుట్టల్లోకి వెళ్ళి పొద పొదకూ మంట చూపిస్తాడు. ముళ్ళు చిటచిటమంటూ మాడి రాలిపోతాయి. మట్టలు మాత్రం పచ్చగా, తడిగా, అప్పుడే క్షవరం చేయించుకున్న బుగ్గల్లా మిగులుతాయి. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన కొండకు గడ్డం గీస్తున్నాడు.

డబ్బా పట్టీ ఒరుసుకుని ఒరుసుకుని ఆయన ఎడమ భుజం మీద వేలి లోతు గాడి పడింది. వేసవిలో చొక్కా విప్పినప్పుడు ఆ గాడిలో నీడ నిలబడేది, చిన్న వాగులో నీళ్ళు నిలబడినట్టు. జూన్ ఇరవై నాలుగున, సాన్ హువాన్ పండగ రోజున, మా ఊరి స్వామైన ఆ సాన్ హువాన్ పల్లకికి ముందు ఎడమవైపు మోసే కొమ్ము సరిగ్గా ఆ గాడిలో కూర్చునేది. అంతకుముందు వాళ్ళ నాన్న భుజాన కూర్చునేది. వెనక కుడి కొమ్ము నాది. ఏటా ఆ ఒక్క ఉదయం ప్లాసిదో మెడ వెనకభాగాన్ని చూస్తూ ఎండిన పొలాల చుట్టూ నడవడం నా జీవితంలో నాకు దక్కిన గౌరవం.

పల్లకి ఒరిగితే వాన జారిపోతుంది. ఇది నమ్మకం కాదు, మేము కళ్ళారా చూసిందే. ప్లాసిదోకు కామెర్లు వచ్చిన ఏడు ఆ కొమ్మును ఇలారియో యెస్కాస్ మోశాడు. ఇలారియో మంచివాడే గానీ అతని భుజం నాలుగు వేళ్ళు కిందికి ఉంటుంది. సాన్ హువాన్ ఆ రోజంతా ఎడమవైపుకు ఒరిగి, ఎవరి చెవిలోనో రహస్యం చెబుతున్నట్టుగా ఊరేగాడు. ఆ ఏటి వానంతా ఎడమవైపున్న ఎల్ కారిసాల్‌లో కురిసింది. వాళ్ళు మర్యాదకు మాకు ఒక పుచ్చకాయ పంపారు.

ఇక హవెలీనాల సంగతి.

హవెలీనా చూపుకు అడవిపందే. అయితే పంది అంటే దానికీ కోపం, పందికీ కోపం. మోకాలెత్తు ప్రాణి. బూడిద రంగు ఒళ్ళు, మెడ చుట్టూ తెల్లటి వెంట్రుకల పట్టీ. కళ్ళు ఉన్నాయన్న మాటే గానీ, పదడుగుల అవతల నిలబడితే మనిషికీ మోడుకీ వాటికి తేడా తెలియదు. లోకమంతా వాటికి ముక్కులోనే ఉంటుంది. ముళ్ళను అవి లెక్కచేయవు. నాగజెముడు మట్టను కాలితో తొక్కిపట్టి, చింపి, ముళ్ళతో సహా నమిలేస్తాయి. ఆ మట్టలో ఊరే నీళ్ళతోనే వేసవంతా గడిపేస్తాయి. కిత్తనార మొవ్వు తవ్వుకుని తింటాయి. సర్కారు తుమ్మకాయలను గింజ పగిలేదాకా కొరుకుతాయి. జూన్‌లో చెట్టంత ఎదిగే పితాయా జెముడు పండ్లు రాలినప్పుడు మూతులు ఎర్రగా చేసుకుని, విందు నుంచి తిరిగొచ్చే పెద్ద కుటుంబంలా ఒకదాని వెనక ఒకటి నడిచిపోతాయి. ఎండ ముదిరితే వాగు గట్టు కింద రాతి గుహలో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతాయి.

ముళ్ళు కాల్చిన మట్ట రుచి వాటికి ఎలా తెలిసిందో ప్లాసిదో ఎప్పుడూ చెప్పలేకపోయాడు. మూడో కరువు ఏడు మార్చిలో ఒక ఉదయం ఆయన వెనక్కి తిరిగి చూస్తే ఆవులకు ముందే పదమూడు హవెలీనాలు నిలబడి ఉన్నాయట, భోజనాల పంక్తిలో మొదటి వరసకు తొందరపడే చుట్టాల్లా. టోపీ విసిరాడు. మంట చూపించాడు. అవి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, పళ్ళు టకటకలాడించి, ఐదడుగులు ముందుకొచ్చాయి. వండిన తిండి రుచి మరిగిన ప్రాణి వెనక్కి పోదు. వారం రోజులు పోరాడి ఆయన వదిలేశాడు. మధ్యాహ్నం ఆయన రాయి మీద కూర్చుని తోర్తీయా రొట్టెలో చిక్కుడుగింజలు చుట్టుకుని తినేవాడు, అవి చుట్టూ మట్టలు నమిలేవి. గాలి ఆగిపోయేది. ఆ నమిలే చప్పుడు ఎండిన కొండ మీద ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు వినిపించేదని ఆయన నాతో ఒకసారి అన్నాడు.

ఏప్రిల్‌లో ఆ గుంపు ఆయన్ని తనలో కలుపుకుంది.

హవెలీనాలకు నడుము మీద, తోకకు జానెడు పైన, నూనె ఊరే చోటు ఒకటుంటుంది. ఒక గుంపువన్నీ తలా తోకా ఎదురుబొదురుగా పెట్టుకుని ఆ నూనెను ఒకదానికొకటి రుద్దుకుంటాయి. ఆ వాసన ఉన్నది మనది, లేనిది పరాయిది. వాటికి వేరే చట్టం లేదు. ఆ రోజు మధ్యాహ్నం చెవి చిరిగిన ముసలి ఆడది వచ్చి, కూర్చుని ఉన్న ప్లాసిదో పక్కన నిలబడి, మోకాలి నుంచి చంక దాకా తీరిగ్గా ఒరుసుకుంది. అది పక్కకు తప్పుకోగానే మిగిలిన పన్నెండూ వరసగా వచ్చాయి. ఆయన కదలలేదు. అంత మర్యాదగా చేస్తుంటే లేచి వెళ్ళడం బాగుండదనిపించిందట.

సాయంత్రం ఇంటికొచ్చాడు. భార్య లిబ్రాద గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏ గుంటలో పడ్డావు ముసలాయనా?"

"పడలేదు. నన్ను కలుపుకున్నారు."

"ఎవరు?"

"వాళ్ళే. కొండమీద వాళ్ళు."

లిబ్రాద లోపలికి వెళ్ళి, మడత మంచం తెచ్చి పందిరి కింద వేసింది. "మంచి సంబంధమే కుదిరింది. వాళ్ళు పెళ్ళిచూపులకు వచ్చేదాకా ఇక్కడ పడుకో," అంది.

ఆ వాసన ఎలా ఉండేదంటే ఏం చెప్పను. ఉల్లిపాయ, తడిసిన తోలు, ఎండలో మరిచిపోయిన జున్ను, వాటన్నిటి అడుగున ఒక పాత విచారం. ప్లాసిదో వీధి మలుపు తిరగకముందే ఆయన వస్తున్నాడని తెలిసేది. మొదట్లో కుక్కలు మొరిగేవి, తరవాత కుక్కలు కూడా తలలు తిప్పుకునేవి. ఆయనకు మాత్రం నెల తిరక్కుండానే అది వాసనగా తోచడం మానేసింది.

సాన్ హువాన్ బట్టల పెట్టె తాళంచెవి దోన్యా ఎదువిహెస్ దగ్గర ఉండేది. గుడి విషయాల్లో మా ఊళ్ళో ఆమె మాటే మాట. ఫాదరీ నెలకొకసారి వచ్చి ఆమె చెప్పిందానికి తల ఊపి వెళ్ళేవాడు. మే చివర్లో పల్లకి మోసేవాళ్ళ సమావేశం గుడి వసారాలో జరిగింది. ప్లాసిదో రాగానే ఆమె ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఇలా వాసన వేసేవాడు స్వామిని మోయడం కుదరదని తేల్చింది. ఎవరో, వాసన ఆయనది కాకపోవచ్చు, గాలి అటునుంచి వస్తోంది అన్నారు. న్యాయంగా తేలాలని నలుగురు అవ్వల కళ్ళకు గంతలు కట్టారు. ప్లాసిదోనూ, ఇలారియోనూ, నన్నూ వరసగా నిలబెట్టారు. పోలికకు ఒక మేకపోతును కూడా నిలబెట్టారు. ముగ్గురు అవ్వలు ప్లాసిదోను చూపించారు. ఒకావిడ నన్ను చూపించింది. ఆమెకు జలుబు కాబట్టి ఆ ఓటు చెల్లదన్నారు. మేకపోతు మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

ప్లాసిదో టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "మా నాన్న మోశాడు దోన్యా. ఆయన బతికినన్నాళ్ళూ మేకల కంపే కొట్టేవాడు."

"మేక బైబిల్లో ఉంది," అంది దోన్యా ఎదువిహెస్. "హవెలీనా ఎక్కడుందో చూపించు."

హవెలీనా వాసన ఉన్నవారెవరూ స్వామి పల్లకిని ముట్టరాదని ఆమె గుడి పుస్తకంలో రాయించి, అందరిచేతా వేలిముద్రలో సంతకాలో పెట్టించింది. కొమ్ము ఇలారియోకు ఇచ్చారు. అతని భుజం కింద దుప్పటి నాలుగు మడతలు పెడితే ఎత్తు సరిపోతుందన్నారు. పండగనాటి ఉదయంలోగా వాసన పోగొట్టుకుని వస్తే ఆ కొమ్ము నీదే అని ఆమె ప్లాసిదోతో అంది. ఆమె మాట తప్పే మనిషి కాదు.

అప్పటినుంచి ఆయనకు ఇంకో ధ్యాస లేదు. బూడిదతో రుద్దుకున్నాడు. సున్నంతో రుద్దుకుని తోలు ఊడగొట్టుకున్నాడు. లిబ్రాద నిమ్మకాయలు పిండింది, ఉప్పు పట్టించింది, తుమ్మ పొగ వేసింది, చివరికి పక్కింటివాళ్ళ బాకనోరా సారా అడిగి తెచ్చి వీపంతా పోసింది. ఆ సారా సగం ఆయన లోపలికి పోయింది, సగమే వీపుకు అంటింది. పన్నెండో రోజున ఆమె ఆయన మెడ దగ్గర ముక్కు పెట్టి చూసి, మంచం లోపలికి తెచ్చింది.

మర్నాడు కొండకు వెళితే ముసలి ఆడది దూరం నుంచే తల ఎత్తి పళ్ళు టకటకలాడించింది. గుంపంతా వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మొరుగుతున్నట్టుగా ఒక అరుపు అరిచి, రాళ్ళ మధ్యకు పారిపోయింది. ప్లాసిదో ఆ రోజు కాల్చిన మట్టలు ఆవులే తిన్నాయి. మధ్యాహ్నం ఒక్కడే రాయి మీద కూర్చున్నాడు. తోర్తీయా మడిచి మళ్ళీ సంచీలో పెట్టేశాడు. నన్నడిగితే ఆ ఎండిన కొండ మీద ఆ నమిలే చప్పుడు లేకపోవడమే ఆయనకు అసలైన కరువు.

మూడో రోజు ముసలిది ఒంటరిగా వచ్చింది. చుట్టూ తిరిగి వాసన చూసింది. బూట్లలో ఎక్కడో కొంచెం పాత వాసన మిగిలి ఉందేమో, అక్కడ ఆగింది. తరవాత, బడినుంచి ఒళ్ళంతా మట్టిచేసుకొచ్చిన పిల్లవాడికి తల్లి ముఖం తుడిచినంత విసుగ్గా, గట్టిగా, రెండు వైపులా ఒరుసుకుంది. మిగిలినవి బారులు తీరాయి. ఆయన పారిపోవచ్చు. పారిపోలేదు.

మంచం మళ్ళీ పందిరి కిందికి వెళ్ళింది. "కొమ్ము కావాలా, కోడళ్ళు కావాలా?" అని లిబ్రాద అడిగిందట. ఆయన రెండూ అన్నాడట.

జూన్ పదిహేనుకు ఏరు పూర్తిగా ఎండిపోయింది. ఇసకలో గుంట తవ్వితే తడి కూడా తగల్లేదు. ఊరి బావిలో తాగేందుకు మాత్రమే నీళ్ళున్నాయి. సాన్ హువాన్ పండగంటే తెల్లవారుజామున ఊరంతా ఏట్లో మునగాలి. స్వామిని ముంచాలి. ఆడవాళ్ళు జుట్టు కొసలు కత్తిరించుకోవాలి. అప్పుడుగానీ పల్లకి పొలాల చుట్టూ తిరగదు. నీళ్ళిచ్చే స్వామి దగ్గరికి పొడి ఒళ్ళుతో వెళ్ళడం, విందు పెట్టే ఇంటికి చేతులు కడుక్కోకుండా వెళ్ళినట్టని పెద్దవాళ్ళు అంటారు. పండగ ఆపేద్దామా అని దోన్యా ఎదువిహెస్ నోటినుంచే వచ్చింది. ఆమె తాతల కాలంలో కూడా పండగ ఆగలేదు.

నీళ్ళెక్కడున్నాయో ఊళ్ళో ఒక్క ప్లాసిదోకే తెలుసు. హవెలీనాలు పడుకునే గుహ కింద, పెద్ద బండ నీడలో ఒక మడుగు ఉంది. నడుము లోతు. మధ్యాహ్నం ఎండలో అవి అందులో పొర్లి, ఆ చల్లటి బురదతోనే గుహలోకి వెళ్ళి పడుకుంటాయి. రెండు రోజులు ఆయన ఆ మడుగు గట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మూడో రోజు లిబ్రాదతో, ఒకళ్ళ పడకగదిలోకి ఊరంతటినీ తీసుకెళ్ళి స్నానం చేయించడం పద్ధతేనా అన్నాడు. చెప్పకపోతే పండగ ఆగుతుంది; పండగే లేకపోతే కొమ్ము ఎవరి భుజాన ఉంటే ఏం? చెబితే పండగ జరుగుతుంది, కొమ్ము ఇలారియో మోస్తాడు. ఎటు తిప్పినా ఆయన భుజం ఖాళీయే.

దోన్యా ఎదువిహెస్ ఇంటికి వెళ్ళి, గాలి ఆమె వైపు నుంచి తన వైపుకు వీచే చోటు చూసుకుని, వాకిట్లో నిలబడ్డాడు.

"నీళ్ళు చూపిస్తాను దోన్యా."

"ఎక్కడ?"

"మావాళ్ళ దగ్గర."

"చూపించినంత మాత్రాన పుస్తకంలో రాసింది చెరిగిపోదు ప్లాసిదో."

"తెలుసు. స్వామి పొడిగా ఉండకూడదని చెబుతున్నా, అంతే."

పండగ రోజున ఇంకా సూర్యుడు రాకముందే, తూర్పున సన్నటి బూడిద వెలుగు తెరుచుకుంటుండగా, నూట నలభై మందిమి ఆయన వెనక బయలుదేరాము. పల్లకిలో సాన్ హువాన్, నాలుగు మడతల దుప్పటి మీద ముందు ఎడమ కొమ్ము. ప్లాసిదో అందరికంటే యాభై అడుగుల ముందు నడిచాడు. అలా నడవాలని ఆమె షరతు. పితాయా కొమ్మలు ఆకాశంలోకి వేళ్ళు చాపి ఉన్నాయి, ఏదో లెక్క మరిచిపోయినట్టు. హవెలీనాలు అప్పటికే మేతకు వెళ్ళిపోయాయి. గుహ ఖాళీగా, వెచ్చగా ఉంది.

మడుగును చూడగానే ఊరు ఊరంతా ఒక్క నిట్టూర్పు విడిచింది. పది రోజులుగా ఒంటి మీద చెంబెడు నీళ్ళు పడనివాళ్ళం. చలిగాలిలో ఏ వాసనా పైకి లేవదు. పైగా ఆడవాళ్ళందరూ దాచుకున్న గులాబీ సబ్బులు తెచ్చారు. మునిగాము, తేలాము, ఒకరి నెత్తిన ఒకరం పోసుకున్నాము. ఇలారియో మూడుసార్లు మునిగాడు. దోన్యా ఎదువిహెస్ నల్లబట్టలతోనే దిగి, జుట్టు విప్పుకుని, చిన్నపిల్లలా ముక్కు మూసుకుని మునిగింది. తరవాత సాన్ హువాన్‌ను గట్టు మీదినుంచి దించి, భుజాల దాకా ముంచి, పాత కొయ్య ఒళ్ళు ఎంత పీల్చుకుంటే అంత పీల్చుకోనిచ్చి, మళ్ళీ పల్లకిలోకి ఎక్కించారు. ప్లాసిదో దూరంగా బండ మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన్ని ఎవరూ దిగమనలేదు.

అప్పుడు సూర్యుడు వచ్చాడు.

మొదట గులాబీ వాసన వెళ్ళిపోయింది. తరవాత బట్టలు ఆరుతున్నకొద్దీ, జుట్లు ఆరుతున్నకొద్దీ, ఏదో నెమ్మదిగా మా మధ్యలోంచి లేచి నిలబడింది. ఉల్లిపాయ, తడిసిన తోలు, ఎండలో మరిచిపోయిన జున్ను. దోన్యా ఎదువిహెస్ ముఖం చిట్లించి బండ వైపు తిరిగింది. "ప్లాసిదో, ఇంకా దూరం జరుగు."

ఆయన ఇంకో యాభై అడుగులు వెళ్ళాడు. వాసన తగ్గలేదు. ఇంకో వంద అడుగులు వెళ్ళాడు. వాసన పెరిగింది. ఆమె రుమాలు తీసి ముక్కుకు పెట్టుకుని, వెంటనే తీసేసి, ఆ రుమాలు వైపు చూసింది. తరవాత తన చెయ్యి వాసన చూసుకుంది. ఇలారియో తన చంకలో ముక్కు పెట్టాడు. నేను నా చొక్కా కాలరు చూసుకున్నాను. నూట నలభై మందిమి వంచిన తలలతో, ప్రార్థనలో ఉన్నవాళ్ళలా, ఎవరిని వాళ్ళం వాసన చూసుకుంటూ నిలబడిపోయాము.

ఇలారియో ఎత్తబోయిన కొమ్మును కిందపెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. పుస్తకంలో అతని వేలిముద్ర ఉంది. నేనూ వెనక్కి వేశాను, నా సంతకమూ ఉంది. మిగతా ఇద్దరూ అంతే. పల్లకి నేలమీద ఉండిపోయింది. దాన్ని ముట్టే అర్హత ఉన్న మనిషి లాస్ పియెద్రాస్‌లో ఒక్కడూ మిగల్లేదు. దోన్యా ఎదువిహెస్ స్వామి దగ్గరికి వెళ్ళి, ఆయన కొయ్య మెడ దగ్గర వంగి, వాసన చూసింది. అక్కడా అదే ఉల్లిపాయ, అదే జున్ను.

మేతకు వెళ్ళిన హవెలీనాలు అప్పుడే తిరిగొచ్చాయి. మమ్మల్ని చూడలేదు, అవి ఎవర్నీ చూడవు. ముసలి ఆడది ముక్కు ఎత్తి గాలి పీల్చింది. రాత్రికి రాత్రి తన గుంపు పదమూడు నుంచి నూట యాభై దాటిందని దానికి ఎలా అర్థమైందో గానీ, కంగారు పడలేదు. పితాయా పండుతో ఎర్రబడ్డ మూతితో మా మధ్యకు నడిచొచ్చింది. పల్లకి కాలికి ఒకసారి ఒరుసుకుంది. తరవాత దోన్యా ఎదువిహెస్ దగ్గరికి వెళ్ళి, ఆ నల్లలంగాకు మోకాలి నుంచి నడుము దాకా తీరిగ్గా, రెండు వైపులా ఒరుసుకుంది.

ఆమె కదలలేదు. అంత మర్యాదగా చేస్తుంటే ఎవరు కదులుతారు?

అది పక్కకు తప్పుకున్నాక ఆమె జుట్టు ముడి వేసుకుని బండ వైపు చూసింది.

"ఏం చూస్తున్నావు ప్లాసిదో? స్వామికి ఎండ తగులుతోంది. వచ్చి భుజం పెట్టు."

ప్లాసిదో చొక్కా కాలరు పక్కకు లాగి వచ్చి నిలబడ్డాడు. ఇలారియో దుప్పటి మడతలు విప్పి స్వామి కాళ్ళకింద పరిచాడు. పల్లకి లేచింది. కొమ్ము గాడిలో కూర్చున్నప్పుడు టక్కుమని చిన్న చప్పుడైంది, పెట్టె మూత సరిగ్గా పడినట్టు. సాన్ హువాన్ ఎటూ ఒరగలేదు. ఎండిన పొలాల చుట్టూ మూడుసార్లు తిరిగాము. వెనక పదమూడు హవెలీనాలు, పల్లకికి కట్టిన పితాయా పండ్లలో రాలినవి రాలినట్టే ఏరుకు తింటూ వచ్చాయి. గుడి గుమ్మం దగ్గర ఆగిపోయాయి. లోపల నేల నున్నగా ఉంటుంది, వాటి గిట్టలకు నచ్చదు.

వాన జూలై ఐదున పడింది. మా మీదే పడింది. ఎల్ కారిసాల్‌కు పుచ్చకాయ పంపాలా అని ఇంకా చర్చ జరుగుతోంది. నాలుగు వానలకు ఊళ్ళో వాళ్ళందరి వాసనా పోయింది, ప్లాసిదోదీ పోయింది. కొండంతా పచ్చబడింది. ఎక్కడ మూతి పెడితే అక్కడ లేత దుంప దొరుకుతుంటే కాల్చిన మట్టల కోసం ఎవరొస్తారు? గుంపు పైకొండల్లోకి వెళ్ళిపోయింది. ప్లాసిదో కిరసనాయిలు డబ్బా అటక ఎక్కించాడు.

కానీ పండగనాడు వేసుకున్న చొక్కాను ఆయన ఉతకనివ్వలేదు. వాన తగలకుండా పందిరి చూరు కింద మేకుకు తగిలించాడు. సాయంత్రాలు దాని పక్కన కూర్చుని కొండ వైపు చూస్తుంటాడు. మొన్న నేను వెళ్ళినప్పుడు లిబ్రాద కాఫీ ఇస్తూ, చొక్కా వైపు గడ్డంతో చూపించి, "అది లోపలికి రాకూడదు. అదొక్కటే నా షరతు," అంది. ఆయన మంచం మాత్రం లోపలే ఉంది.